ఇంజన్ స్టాండు: మోసే బరువు, మోయించే ఉపాయం



మంసాపురంలోనూ రాజపాళయంలోనూ ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడుకునే మన కుటుంబాలకు యంత్రం కొత్తది కాదు. 1936లో పి.ఎ.సి. రామస్వామి రాజా గారు రాజపాళయం మిల్స్ స్థాపించిన నాటి నుంచి ఈ ప్రాంతంలో నూలు మిల్లులు పెరిగాయి. వాటితోపాటే లేతు పట్టేవాళ్లూ, వెల్డింగు చేసేవాళ్లూ, మోటార్లు విప్పి బిగించేవాళ్లూ పెరిగారు. ఇవాళ తాతగారి అంబాసిడర్‌నో, నాన్నగారి ఫియట్‌నో ఇంటి పక్క రేకుల కొట్టంలో తిరిగి బాగుచేసుకోవాలని ఉబలాటపడే యువకులూ ఉన్నారు. వారిని దృష్టిలో పెట్టుకుని, ఇంజన్‌ను పట్టి నిలబెట్టే స్టాండు ఎలా వచ్చిందో, దాన్ని ఎలా ఎంచుకోవాలో, ఎలా వాడాలో ఈ ప్రసంగంలో చెప్పుకుందాం.

మొదట ఒక ప్రశ్న. మోటారు కార్లు పుట్టిన తొలిరోజుల్లో ఈ స్టాండు ఎందుకు అవసరం కాలేదు? ఆనాటి ఇంజన్లలో చాలావాటికి సిలిండర్లను విడివిడిగానో, జంటలుగానో పోతపోసి, కింది పెట్టె మీద బోల్టులతో బిగించేవారు. విప్పితే ముక్కలుగా వచ్చేవి. ఒక్కొక్క ముక్కను ఒకరో ఇద్దరో ఎత్తి బల్ల మీద పెట్టుకోగలిగేవారు. 1908లో అమెరికాలో హెన్రీ ఫోర్డ్ తెచ్చిన మోడల్ టి కారులో నాలుగు సిలిండర్లనూ ఒకే దిమ్మెగా పోతపోశారు. పైన హెడ్డు మాత్రం విడిగా ఊడి వస్తుంది. తయారీ చవకయింది, ఇంజన్ గట్టిపడింది. కాని మరమ్మతు చేసేవాడి చేతికి ఇప్పుడు ఒకే పెద్ద బరువు వచ్చింది. బోల్తా కొట్టిస్తే తప్ప దాని అడుగుభాగం కనపడదు. ఆ అవసరంలోంచే, ఇంజన్‌ను పట్టుకుని గుండ్రంగా తిప్పే స్టాండు వర్క్‌షాపుల్లోకి వచ్చింది.

ఎత్తే సాధనం మాత్రం అంతకు ముందే సిద్ధంగా ఉంది. 1859లో ఇంగ్లండులో థామస్ వెస్టన్ పేటెంటు పొందిన గొలుసు కప్పీ అది. పైన ఒకే ఇరుసు మీద కొంచెం పెద్దదీ కొంచెం చిన్నదీ రెండు చక్రాలు కలిసి తిరుగుతాయి. పెద్ద చక్రం వ్యాసార్థం పది అంగుళాలు, చిన్నదానిది తొమ్మిది అనుకోండి. లెక్క ప్రకారం మనం లాగిన బలానికి ఇరవై రెట్లు బరువు లేస్తుంది. గొలుసు రాపిడిలో సగానికి పైగా పోయినా, ఒక మనిషి ఇంజన్‌ను ఎత్తగలడు. పైగా చెయ్యి వదిలినా ఆ రాపిడి వల్లే బరువు కిందికి జారదు. ఉపాయం లేనివాణ్ణి ఊళ్లో ఉండనివ్వకూడదన్నారు పెద్దలు. చింతచెట్టు కొమ్మకో, మూడు వాసాలు కలిపి కట్టిన ముక్కాలికో ఈ గొలుసు తగిలించి ఇంజన్లు దించడం మన పల్లెల్లోనూ అలవాటయింది.

ఇక మన దక్షిణాది సంగతి. మదురైలో 1911లో టి.వి. సుందరం అయ్యంగార్ గారు స్థాపించిన సంస్థ బస్సులు నడిపింది. కోయంబత్తూరు దగ్గరి కలంగల్ గ్రామంలో, తెలుగు మాట్లాడే కుటుంబంలో 1893లో పుట్టిన జి.డి. నాయుడు గారి కథ మీలో చాలామంది విన్నదే. ఒక తెల్లదొర నడుపుతున్న రడ్జ్ మోటారు సైకిలు చూసి ఆయన ముగ్ధుడయ్యారు. హోటల్లో పనిచేసి కూడబెట్టిన సొమ్ముతో దాన్ని కొని, భాగాలుగా విప్పి, తిరిగి కూర్చి, యంత్రవిద్య నేర్చుకున్నారు. 1920లో పొళ్లాచ్చి, పళని మధ్య ఒక్క బస్సుతో మొదలైన ఆయన రవాణా వ్యాపారమే యూనివర్సల్ మోటార్ సర్వీస్‌గా ఎదిగింది. విప్పి చూడనిదే విద్య రాదని ఆయన జీవితం చెబుతుంది. 2015లో కోయంబత్తూరులో తెరిచిన జీడీ కార్ మ్యూజియంలో ఆ కుటుంబం సేకరించిన పాత కార్లు చూడవచ్చు.

స్వాతంత్ర్యం తరువాత విదేశీ కార్ల దిగుమతి మీద ఆంక్షలు వచ్చాయి. ఉన్న కారునే మళ్లీ మళ్లీ బాగుచేసుకుని నడపవలసి వచ్చింది. 1950ల చివర నుంచి 2014 దాకా వచ్చిన అంబాసిడర్, 2000 సంవత్సరం ప్రాంతం వరకు తయారైన ప్రీమియర్ పద్మిని మన రోడ్లను ఏలాయి. ఇంజన్ దించడం, బోరింగ్ చేయించడం, పిస్టన్లు మార్చడం ప్రతి ఊరి షెడ్డులో నిత్యకృత్యమయింది. చాలాచోట్ల ఇంజన్‌ను నేల మీద టైరులో కూర్చోబెట్టి, గొంతుకూర్చుని పనిచేసేవారు. దొర్లించాలంటే ఇద్దరు పట్టాలి. వేళ్లు నలిగేవి, నడుములు పట్టేసేవి, నేల మీది ఇసుక బేరింగుల్లోకి పోయేది. స్టాండు ఈ మూడు బాధలనూ తప్పిస్తుంది. కాని బరువును నేల నుంచి నడుము ఎత్తుకు తెచ్చింది కాబట్టి, కొత్త ప్రమాదాన్నీ తెచ్చింది.

ఆ ప్రమాదం ఎక్కడుందో చిన్న లెక్కలో చూద్దాం. ఇంజన్ 150 కిలోలు అనుకోండి. దాని బరువంతా కేంద్రీకరించే చోటు, అంటే గరిమనాభి, స్టాండు పలకకు 35 సెంటీమీటర్ల ముందు ఉందనుకుందాం. ఇంజన్ వెనక భాగాన్ని మాత్రమే పట్టుకున్న బోల్టులు ఈ వేలాడే బరువునంతా ఆపాలి. పై బోల్టులకూ కింది బోల్టులకూ మధ్య ఎడం 25 సెంటీమీటర్లు ఉంటే పై జంట మీద సుమారు 210 కిలోల లాగుడు పడుతుంది. ఎడం సగమైతే లాగుడు రెట్టింపవుతుంది. అందుకే స్టాండు చేతులను వీలైనంత దూరంగా ఉన్న రంధ్రాలకు బిగించాలి. దగ్గరగా ఉన్నాయని సులువైన రంధ్రాలు ఎంచుకోకూడదు.

బోల్టు తల మీద 8.8 అనే అంకె ఉన్నవి వాడండి. డబ్బాలో దొరికిన మెత్తని బోల్టు పనికిరాదు. బోల్టు లోపలికి కనీసం దాని మందం అంత, వీలైతే ఒకటిన్నర రెట్లు దిగాలి. మరొక్క జాగ్రత్త: పాత అంబాసిడర్ 1489 సీసీ ఇంజన్‌కు అంగుళాల కొలత త్రెడ్, ఫియట్‌కు మిల్లీమీటర్ల త్రెడ్. చేత్తో తిరగని బోల్టును స్పానరుతో బలవంతాన తిప్పితే దిమ్మెలోని త్రెడ్ పోతుంది. అలా పోయిన త్రెడ్ బరువు మోయదు. అంగుళాల త్రెడ్‌కు గట్టి రకం కావాలంటే తల మీద మూడు గీతలున్న బోల్టు అడగండి.

స్టాండు కొనేటప్పుడు చక్రాలు చూడండి. ముందర ఒకే చక్రం ఉన్న మూడు కాళ్ల స్టాండు చవక, కాని నేల పగులులో ఆ చక్రం ఇరుక్కుంటే పక్కకు ఒరుగుతుంది. నాలుగు కాళ్లదే మేలు. కాళ్లు ఇంజన్ గరిమనాభిని దాటి ముందుకు చాచి ఉండాలి. ఇంజన్ బరువుకు రెట్టింపు మోస్తుందని రాసి ఉన్నది తీసుకోండి. ఊళ్లో వెల్డింగు షాపులో చేయించుకుంటే, ఇంజన్ ఎక్కించే ముందు ఇంజన్ వేలాడే చోటే రెట్టింపు బరువు ఇసుక బస్తాలు నేలకు నాలుగంగుళాల ఎత్తులో వేలాడదీసి, ఒక రాత్రి ఉంచి, ఉదయం వెల్డింగు అతుకులు పరీక్షించండి. చీలిక గాని వంపు గాని కనిపిస్తే దాన్ని వాడవద్దు.

ఎక్కించే ముందు నూనె, నీళ్లు దించేయండి. గేరుబాక్సు, క్లచ్, ఫ్లైవీల్ విప్పండి. గొలుసు కప్పీ మీద ఇంజన్ వేలాడుతూ ఉండగానే బోల్టులన్నీ బిగించండి. చివరి బోల్టు బిగిసే దాకా గొలుసు వదలకండి. చెయ్యిగాని కాలుగాని ఇంజన్ కింద పెట్టకండి.

తిప్పేటప్పుడు మొదటిసారి ఇద్దరుండాలి. స్టాండు ఇరుసు ఇంజన్ గరిమనాభి కంటే ఐదు సెంటీమీటర్లు కిందికి ఉన్నా, 150 కిలోల ఇంజన్ పిన్ను తీయగానే పక్కకు వాలి, 40 సెంటీమీటర్ల పిడిని దాదాపు 19 కిలోల బలంతో విసురుతుంది. మణికట్టు విరగడానికి అది చాలు. కాబట్టి పలకను సరిచేసి, ఇరుసు గరిమనాభి కంటే కొంచెం పైన ఉండేలా చూసుకోండి. అప్పుడు ఇంజన్ నిటారుగా ఉండాలనే చూస్తుంది. తిప్పడం అయిన వెంటనే పిన్ను పెట్టండి. హెడ్డు నట్లు పొడవాటి పిడితో బిగించేటప్పుడు మరొకరు స్టాండును పట్టుకోవాలి. దాని మీద ఇంజన్‌ను స్టార్టు చేయకూడదు. నెలల తరబడి పని ఆగితే ఇంజన్‌ను కిందికి దించి చెక్క దిమ్మెల మీద పెట్టడం మేలు.

శ్రోతలారా, గొలుసు కప్పీ గాని, ఈ స్టాండు గాని మనిషి కండను తప్పించడానికి వచ్చినవే. కండను తప్పించినా, చూసుకుని వాడే పనిని మాత్రం అవి మనకే వదిలాయి. రేకుల కొట్టంలో పాత కారును మళ్లీ నడిపించాలనుకునే అబ్బాయిలకు మా మనవి: పనిముట్టు ముందు పరీక్షించండి, పక్కన మరో మనిషిని ఉంచుకోండి, ఆ తరువాతే గొలుసు లాగండి.