డాక్టరుకు రోగం ఎలా తెలుస్తుంది?

రోగి ఎదురుగా కూర్చుని నాలుగు మాటలు చెప్పాడో లేదో, కొందరు డాక్టర్లకు జబ్బేమిటో తెలిసిపోతుంది. హస్తవాసి అంటారు జనం. ఈ నేర్పు బుర్రలో ఎలా తయారవుతుందో కనిపెట్టడానికి మనోవైజ్ఞానికులు దశాబ్దాల పాటు శ్రమించారు. ఆ శ్రమ మొదలైంది మాత్రం చదరంగం బల్ల దగ్గర.

నెదర్లాండ్స్‌కు చెందిన ఆడ్రియాన్ డి గ్రూట్ స్వయంగా మంచి ఆటగాడు. అలెఖైన్, యూవే వంటి మహామహులను కూర్చోబెట్టి, ఎత్తు వేసేముందు మనసులో మెదిలేదంతా పైకి చెప్పమన్నాడు. 1946లో వెలువడిన ఆయన సిద్ధాంత గ్రంథం అందరి అంచనాలనూ తలకిందులు చేసింది. మేటి ఆటగాళ్లు మిగతావాళ్లకంటే మరీ ఎక్కువ ఎత్తులు ముందుకు ఆలోచించడం లేదు. కానీ బల్లను కొన్ని సెకన్లు చూపించి తీసేస్తే, పావులను దాదాపు ఎక్కడివక్కడ పేర్చగలుగుతున్నారు. 1973లో అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో విలియం ఛేజ్, హెర్బర్ట్ సైమన్ మరో అడుగు వేసి, పావులను అడ్డదిడ్డంగా పేర్చి చూపించారు. మేటి ఆటగాడి ఆధిక్యం దాదాపు మాయమైంది. ఆయన్ని గెలిపిస్తున్నది అసాధారణ జ్ఞాపకశక్తి కాదని తేలింది. ఆడగా ఆడగా మనసులో పోగుపడిన పావుల అమరికలే ఆయన బలం.

ఆ రోజుల్లోనే వైద్యవిద్య వేరే ఆశతో నడుస్తోంది. ఆలోచించే పద్ధతి ఒకటుంటుందనీ, అది పట్టుబడితే ఏ కేసునైనా ఛేదించవచ్చనీ చాలామంది నమ్మారు. కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం 1969లో లెక్చర్లను పక్కనపెట్టి, సమస్యల చుట్టూ వైద్యం నేర్పడం ప్రారంభించింది. అందులో ఈ ఆశకూ వాటా ఉంది.

ఆ నమ్మకాన్ని మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో ఆర్థర్ ఎల్‌స్టైన్, లీ షుల్మన్, సారా స్ప్రాఫ్కా పరీక్షకు పెట్టారు. రోగులుగా నటించడానికి కొందరికి శిక్షణ ఇచ్చారు. తోటి డాక్టర్లు దిట్టలని చెప్పినవారినీ, మామూలు డాక్టర్లనూ వాళ్ల దగ్గరకు పంపి, ఎవరు ఎలా ఆలోచిస్తున్నారో నమోదు చేశారు. 1978లో ఫలితాలు పుస్తకంగా వచ్చాయి. రోగి మాట్లాడటం మొదలుపెట్టిన కొద్దిసేపటికే డాక్టరు మనసులో రెండుమూడు అనుమానాలు పుడుతున్నాయి, ఆ తర్వాత అడిగే ప్రశ్నలన్నీ వాటిని రుజువు చేసుకోవడానికో కొట్టేయడానికో. ఇంతవరకు దిట్టలదీ మామూలువాళ్లదీ ఒకటే దారి. అసలు విశేషం మరొకటి. ఒక కేసులో బాగా చేసిన డాక్టరు ఇంకో కేసులోనూ బాగా చేస్తాడన్న హామీ లేదు. గుండె కేసులో ఆరితేరినవాడు కీళ్ల కేసులో తడబడవచ్చు. వైద్యవిద్య మీద దీనికి మించిన పరిశోధన ఫలితం రాలేదని నా అభిప్రాయం. పద్ధతి అందరిదీ ఒకటే అయినప్పుడు, తేడా ఉండాల్సింది తెలిసిన విషయంలో, అది మనసులో అమరిన తీరులో.

ఆ అమరికను దగ్గరగా చూసినవారు మెక్‌గిల్ విశ్వవిద్యాలయానికి చెందిన విమలా పటేల్, గై గ్రోయెన్. 1986లో ప్రచురించిన అధ్యయనంలో వాళ్లు ఏడుగురు గుండె నిపుణులకు ఒక కేసు చదవడానికిచ్చారు. ఉద్యోగం లేని యువకుడు. నాలుగు రోజులుగా చలి, జ్వరం. మెట్లెక్కితే ఆయాసం. చేతి మీద గుచ్చుకున్న గుర్తులు. పిల్లి కరిచిందని అతను చెబుతాడు. సరైన నిర్ధారణకు వచ్చిన నిపుణులు పిల్లి మాట పట్టించుకోలేదు. ఆ గుర్తులు సూదివై ఉంటాయి, నరంలోకి మత్తుమందు ఎక్కించుకుంటూ ఉంటాడు, సూదితో పాటు సూక్ష్మజీవులు లోపలికి వెళ్లి గుండె కవాటాన్ని పట్టుకున్నాయి, అందుకే జ్వరం, ఆయాసం. ఇలా లక్షణాల నుంచి జబ్బు వైపు సూటిగా నడిచారు. గురి తప్పినవాళ్లే ముందు ఒక జబ్బును ఊహించుకుని, వెనక్కి వచ్చి లక్షణాలను దానికి అతికించబోయారు.

నెదర్లాండ్స్‌లోని మాస్‌ట్రిక్ట్‌లో హెంక్ ష్మిట్, హెన్నీ బోష్యుజెన్‌లకు ఇంకో చిత్రం ఎదురైంది. కేసు చదివించి గుర్తున్నది రాయమంటే, చదువు మధ్యలో ఉన్న విద్యార్థులు అనుభవజ్ఞులకంటే ఎక్కువ రాస్తున్నారు! విద్యార్థి ప్రతి లక్షణాన్నీ శరీరధర్మశాస్త్రంతో విప్పుకుంటూ పోతాడు. రోగుల్ని చూసిచూసి ఆ శాస్త్రమంతా డాక్టరు మనసులో ముడుచుకుని, 'సెప్సిస్' (ఒళ్లంతా విషమించిన ఇన్ఫెక్షన్) అన్న ఒక్క మాటలో ఇమిడిపోతుంది. అవసరమైతే మళ్లీ విప్పగలడు. కాబట్టి మొదటి ఏడాది బయోకెమిస్ట్రీ వృథా అనుకునే విద్యార్థులు తొందరపడకూడదు.

1991లో మెక్‌మాస్టర్‌కే చెందిన లీ బ్రూక్స్, జెఫ్రీ నార్మన్ బృందం చర్మవ్యాధుల ఫొటోలతో మరో సంగతి చూపించింది. కొత్త మచ్చను గుర్తుపట్టేటప్పుడు సూత్రాలతో పాటు, ఇంతకుముందు చూసిన అలాంటి మచ్చ కూడా నిర్ణయాన్ని అటో ఇటో లాగుతుంది. చూసిన ప్రతి రోగీ మనసులో సాక్షిగా మిగులుతాడు. ఇదే తోవలో 2003లో రోజ్ హటాలా, బ్రూక్స్, నార్మన్ ఈసీజీలతో పరీక్షించారు. ఒక జబ్బు ఈసీజీలన్నీ వరుసగా చూసినవారికంటే, రకరకాలవి కలగలిపి సాధన చేసినవారే కొత్త ఈసీజీని బాగా చదివారు. వరుసగా చూసేటప్పుడు జవాబు ముందే తెలుసు. కలిపి చూసేటప్పుడు దేన్నుంచి దేన్ని విడదీయాలో నేర్చుకోక తప్పదు. మన విద్యార్థులు మాత్రం ఇప్పటికీ అధ్యాయం తర్వాత అధ్యాయం, జబ్బు తర్వాత జబ్బు చదువుతారు.

పరీక్షల దగ్గర ఈ చరిత్ర మనకు మరింత అవసరం. ఒక కేసు చూసి ఒక విద్యార్థిని తూచలేమని 1978 నాటికే తేలింది. అంతకుముందే, 1975లో, స్కాట్లండ్‌లోని డండీలో రోనల్డ్ హార్డెన్ బృందం ఓస్కీ (OSCE) అనే పరీక్షను పరిచయం చేసింది. విద్యార్థి ఒక్కో బల్ల దగ్గర కొన్ని నిమిషాలు గడుపుతూ చాలా పనులు చేసి చూపించాలి. అయినా మన ఎంబీబీఎస్ ప్రాక్టికల్స్‌లో, ఒకే రోగిని విపులంగా పరీక్షించి వివరించే లాంగ్ కేసు బరువు ఇంకా తగ్గలేదు. ఆ రోజు ఎవరికి ఏ మంచం పడుతుందో, ఆ రోగి ఎంత నోరు విప్పుతాడో దాన్నిబట్టి ఏళ్ల తరబడి చదివిన చదువుకు మార్కులు పడుతున్నాయి. రోగి మంచం పక్కన నిలబడి నేర్చుకోవడానికి లాంగ్ కేసు గొప్ప పాఠం. పాఠంగా దాన్ని ఎన్నటికీ వదలొద్దు. పాస్, ఫెయిల్ తేల్చే కొలతగా మాత్రం దాన్ని పక్కనపెట్టి, ఎక్కువ కేసుల మీద, ఎక్కువమంది పరీక్షకులతో విద్యార్థిని చూడాలి. పరీక్షలు రూపొందించే విశ్వవిద్యాలయాలను కోరేది ఇదే.