నరాల మందూ రొమ్ము క్యాన్సరూ: తూంకుంట స్త్రీలు భయపడాల్సింది దేనికి?

డిప్రెషన్ మాత్రలు వాడితే రొమ్ము క్యాన్సర్ వస్తుందన్న అనుమానం 1992లో మొదలైంది. కెనడాలో లోర్న్ బ్రాండెస్ బృందం మనుషులకిచ్చే మోతాదుకు దగ్గరి మోతాదులో అమిట్రిప్టిలిన్, ఫ్లూఆక్సెటిన్ ఎలుకలకిచ్చి చూస్తే రొమ్ము గడ్డలు త్వరగా పెరిగాయి. ఎనిమిదేళ్ల తర్వాత ఆంటారియో స్త్రీల మీద జరిగిన ఒక అధ్యయనంలో పారాక్సెటిన్ వాడినవాళ్లకు ప్రమాదం ఏడు రెట్లు కనిపించింది. భయపెట్టే సంఖ్యే. అయితే ఆ అంచనాకు ఇచ్చిన హద్దులు 0.9 నుంచి 58 దాకా ఉన్నాయి. ఆ మందు వాడినవాళ్లు మరీ కొద్దిమంది కావడంతో లెక్క అంతగా ఊగింది. ఆ అంచనాలో ప్రమాదమే లేకపోవడానికీ చోటుంది.

తర్వాతి అధ్యయనాలను కలిపి చూసినవాళ్లు రెండు రకాలుగా తేల్చారు. 2011లో లీసా కాస్‌గ్రోవ్ బృందం రొమ్ము, అండాశయ క్యాన్సర్ల మీద వచ్చిన 61 పరిశోధనలను పరిశీలించింది. మనుషుల మీద జరిగిన అధ్యయనాలను కలిపితే ప్రమాదం 11 శాతం ఎక్కువని తేలింది. 2012లో కొరియా పరిశోధకులు చేసిన సమీక్షలో రొమ్ము క్యాన్సర్‌తో సంబంధమే కనిపించలేదు. కాస్‌గ్రోవ్ వ్యాసంలో ఆగి చదవాల్సిన మాట మరొకటుంది. మందుల కంపెనీలతో సంబంధమున్న పరిశోధకుల 15 వ్యాసాల్లో ఒక్కటి కూడా ప్రమాదం ఉందనలేదు. అలాంటి సంబంధం లేనివాళ్ల 46 వ్యాసాల్లో 20 ఉందన్నాయి. కనుక ‘ప్రమాదం లేదు’ అన్న ప్రతి వ్యాసాన్నీ ఒకే నమ్మకంతో చదవలేం.

ఆ 11 శాతం నిజమే అనుకుందాం. 2020 నాటి జాతీయ క్యాన్సర్ రిజిస్ట్రీ నివేదిక ప్రకారం మన దేశంలో 29 మంది స్త్రీలలో ఒకరికి 74 ఏళ్లలోపు రొమ్ము క్యాన్సర్ వచ్చే అవకాశముంది. అంటే వెయ్యిమందిలో సుమారు 34 మంది. దానికి 11 శాతం కలిపితే 38. ఈ నాలుగు కేసుల తేడా కూడా మందు వల్లేనా, డిప్రెషన్‌తో పాటు వచ్చే కదలిక తగ్గడం, బరువు పెరగడం వల్లనా అన్నది విడదీయడం కష్టం. వైద్యుల దగ్గరికి తరచూ వెళ్లేవాళ్లకు పరీక్షలు ఎక్కువ జరిగి జబ్బు ఎక్కువగా బయటపడటమూ ఉంటుంది.

క్యాన్సర్ వస్తుందేమోనన్న భయం మీదే చర్చంతా నడవడం నాకు సమ్మతం కాదు. క్యాన్సర్ వచ్చి, టామాక్సిఫెన్ వాడుతున్న స్త్రీ విషయంలో మందుల పొంతన ఇంతకంటే ఎంతో ముఖ్యం. దాని గురించి మన దగ్గర మాట్లాడేవాళ్లు తక్కువ.

హార్మోన్ ఆధారిత రొమ్ము క్యాన్సర్ తిరగబెట్టకుండా టామాక్సిఫెన్‌ను కనీసం ఐదేళ్లు వాడమంటారు. మింగిన మాత్ర ఉన్నదున్నట్టు పెద్దగా పనిచేయదు. కాలేయంలో సీవైపీ2డీ6 అనే ఎంజైమ్ దాన్ని ఎండాక్సిఫెన్‌గా మారుస్తుంది. గడ్డ పెరగకుండా ఆపే పని ప్రధానంగా ఈ ఎండాక్సిఫెన్‌దే. పారాక్సెటిన్, ఫ్లూఆక్సెటిన్ ఆ ఎంజైమ్‌ను గట్టిగా అడ్డుకుంటాయి. 2003లో అమెరికాలో టామాక్సిఫెన్ వాడుతున్న 12 మందికి నాలుగు వారాలు పారాక్సెటిన్ ఇస్తే రక్తంలో ఎండాక్సిఫెన్ సగటున మిల్లీలీటరుకు 12.4 నానోగ్రాముల నుంచి 5.5కు పడిపోయింది. 2010లో ఆంటారియోలో 2,430 మంది రోగుల రికార్డులు పరిశీలించిన కెల్లీ బృందం, టామాక్సిఫెన్, పారాక్సెటిన్ కలిపి వాడిన కాలం పెరిగేకొద్దీ రొమ్ము క్యాన్సర్ మరణాలూ పెరిగాయని చెప్పింది. 2016లో అమెరికాలో జరిగిన పెద్ద అధ్యయనాల్లో ఆ తేడా కనబడలేదు. అయినా ఎంజైమ్‌ను అంతగా అడ్డుకోని వెన్లాఫాక్సిన్, ఎసిటాలోప్రామ్ వంటివి చేతిలో ఉండగా, టామాక్సిఫెన్ పక్కన పారాక్సెటిన్ రాయడానికి నాకు కారణం కనబడదు.

ఇప్పుడు తూంకుంట సంగతి. రాజీవ్ రహదారి మీద హకీంపేటకూ శామీర్‌పేటకూ నడుమ ఉన్న ఊరిది. 2018లో మున్సిపాలిటీ అయింది. అదే రోడ్డు పట్టుకుని ముందుకెళితే మందులూ టీకాలూ తయారయ్యే జీనోమ్ వ్యాలీ. వైద్యానికి మాత్రం ఇక్కడి పేద స్త్రీ అటు కాదు, నగరం వైపు బస్సెక్కాలి. క్యాన్సర్‌కు ప్రభుత్వ వైద్యం రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో, మనసు జబ్బుకు ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రిలో. ఒక చీటీ ఇక్కడ, ఒక చీటీ అక్కడ. 2020 నివేదికలో హైదరాబాద్ జిల్లాలో రొమ్ము క్యాన్సర్ రేటు లక్ష మంది స్త్రీలకు 48; దేశంలోని రిజిస్ట్రీలన్నిటిలో అదే ఎక్కువ. తూంకుంట మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాది కనుక ఆ లెక్కలోకి రాదు. నగరపు బతుకు మాత్రం ఆ జిల్లా గీత దగ్గర ఆగిపోలేదు.

రెండు చీటీలూ ఒక వైద్యుడి కంట పడకపోవడానికి దూరమొక్కటే కారణం కాదు. మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్తున్నానని చెప్పుకోలేని ఆడవాళ్లు ఇంట్లో ఆ మాత్రలను ‘నరాల మందు’, ‘నిద్ర మాత్ర’ అంటారు. తనది డిప్రెషన్ మాత్రన్న సంగతే కొందరికి తెలియదు. షుగర్‌తో కాళ్లు మండితే రాసే డులాక్సెటిన్ కూడా డిప్రెషన్ మందే, ఆ ఎంజైమ్‌ను ఒక మోస్తరుగా అడ్డుకునేదే. ‘డిప్రెషన్‌కు ఏమైనా వాడుతున్నావా అమ్మా’ అని క్యాన్సర్ డాక్టరు అడిగితే ఆమె లేదనే అంటుంది. ఆమె అబద్ధమాడటం లేదు.

దీనికి ఉల్టా ప్రమాదమూ ఉంది. క్యాన్సర్ భయంతో మాత్రను ఉన్నపళంగా మానేస్తే, ముఖ్యంగా పారాక్సెటిన్ అయితే, తల తిరగడం, ఒంట్లో కరెంటు కొట్టినట్టు జిల్లుమనడం, చిరాకు మొదలవుతాయి. అణగి ఉన్న దిగులు తిరిగి లేస్తుంది. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం డిప్రెషన్ ఉన్నవాళ్లలో సుమారు 85 శాతానికి వైద్యమే అందడం లేదు. అందిన కొద్దిమందినీ భయపెట్టి మాన్పించడం ఘోరం. మందు మార్చాలంటే రాసిన డాక్టరే మోతాదు మెల్లగా తగ్గిస్తూ మార్చాలి. ఎర్రగడ్డ దాకా వెళ్లలేనివాళ్లు టెలీ-మానస్ 14416కు ఫోన్ చేసి తెలుగులోనే అడగవచ్చు.

కొత్త వ్యవస్థ కట్టనక్కర లేదు. ముప్పై దాటినవాళ్ల కోసం ఆశా కార్యకర్త ఇంటింటికీ తిరిగి నింపే ఫారంలో రొమ్ములో గడ్డ ఉందా అన్న ప్రశ్నా ఉంది, దిగులుగా ఉంటోందా అన్న ప్రశ్నా ఉంది. వాటి పక్కనే ఇంట్లో ఉన్న మాత్రల అట్టలన్నీ బయట పెట్టించి, జబ్బు పేరు అడగకుండా, అట్ట మీది మందు పేర్లే రాసుకుంటే చాలు. ఆ కాగితం రెడ్‌హిల్స్‌కు వెళ్లే చీటీకి పిన్ను చేస్తే డాక్టరు ఒక్క చూపులో పోల్చుకుంటారు. అలా చూసినప్పుడు కొందరి భయం అక్కడికక్కడే తీరుతుంది కూడా: ముట్లు ఆగిపోయాక లెట్రోజోల్ గానీ అనాస్ట్రోజోల్ గానీ వాడుతున్న స్త్రీకి ఈ ఎంజైమ్ చిక్కు లేదు, అవి పనిచేయడానికి సీవైపీ2డీ6 అక్కరలేదు.