కప్పట్రాళ్ల యురేనియం అన్వేషణ వివాదం

కర్నూలు జిల్లా దేవనకొండ మండలంలోని కప్పట్రాళ్ల అడవిలో యురేనియం కోసం బోర్లు వేయాలన్న ప్రతిపాదనపై 2024లో రేగిన ప్రజాందోళన ఇది. ఆదోని అటవీ రేంజి పరిధిలోని సుమారు 468 హెక్టార్లలో 68 బోర్లు వేసేందుకు అణు ఖనిజ అన్వేషణ సంస్థ సిద్ధమైంది. నవంబరులో చుట్టుపక్కల గ్రామాల వారు కర్నూలు–బళ్లారి రోడ్డుపై బైఠాయించారు.

అప్పటికింకా గని లేదు. మరి అంత భయం ఎందుకు?

జవాబు కడప జిల్లాలో ఉంది. వేముల మండలం తుమ్మలపల్లెలో యురేనియం కార్పొరేషన్ ఆఫ్ ఇండియా (యూసీఐఎల్) భూగర్భ గని, శుద్ధి కర్మాగారం 2012లో ఉత్పత్తి మొదలుపెట్టాయి. అక్కడి టన్ను ముడి ఖనిజంలో అర కిలో యురేనియం కూడా ఉండదు. మిగిలినదంతా రసాయనాలు కలిసిన బురదగా వ్యర్థాల చెరువుకు చేరుతుంది. గని సామర్థ్యం పెరిగేకొద్దీ ఆ బురదా పెరుగుతుంది. బోరునీరు ఉప్పుబారిందని, అరటి తోటలు దెబ్బతిన్నాయని, చర్మవ్యాధులు వస్తున్నాయని కె.కె.కొట్టాల తదితర గ్రామాల రైతులు ఏళ్లుగా మొరపెట్టుకుంటున్నారు. 2018లో రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి యూసీఐఎల్‌కు నోటీసు ఇచ్చింది.

కప్పట్రాళ్ల చుట్టూ ఉన్న ఆదోని, ఎమ్మిగనూరు, పత్తికొండ ప్రాంతాలది ఎక్కువగా వానాధార సేద్యం. వర్షం ముఖం చాటేస్తే కుటుంబాలు పత్తి, మిరప కోతలకు గుంటూరు వైపు సుగ్గికి (వలస కూలికి) పోతాయి. ఇలాంటి నేలలో భూగర్భజలం చెడితే వలసే శాశ్వతమవుతుంది. కాబట్టి కప్పట్రాళ్ల వాసుల ఆందోళన న్యాయమైనదే. నిరసనల తర్వాత అక్కడ తవ్వకాలు ఉండవని ప్రభుత్వం ప్రకటించింది.