కొమోడో డ్రాగన్ వేట: ఒక శాస్త్ర భావన చరిత్ర

పరిచయం

పల్లెల్లో పెరిగిన మీలో చాలామంది ఉడుమును చూసే ఉంటారు. చూడనివారికి కూడా ఉడుంపట్టు అనే మాట తెలుసు. మన ఉడుము వర్గానికే చెందిన కొమోడో డ్రాగన్ ప్రపంచంలోని బల్లి జాతులన్నింటిలోకీ పెద్దది. ఇండోనేషియాలోని కొమోడో, రింకా, ఫ్లోరెస్ మొదలైన కొద్ది దీవులలో మాత్రమే ఇది సహజంగా జీవిస్తుంది. దీని పొడవు మూడు మీటర్ల వరకు, బరువు సుమారు 70 కిలోల వరకు ఉంటుంది. ఇది తనకంటే ఎన్నో రెట్లు బరువైన దున్నపోతును ఎలా పడగొట్టగలదు? ఈ ప్రశ్నకు శాస్త్రజ్ఞులు చెప్పిన సమాధానం కాలక్రమంలో ఎలా మారిందో ఈ భాగంలో తెలుసుకుంటారు.

సేకరణ దశ

1912లో జావాలోని బైటెన్‌జార్గ్ (నేటి బోగోర్) జంతు మ్యూజియం అధిపతి పీటర్ ఔవెన్స్ ఈ జంతువును మొదటిసారి శాస్త్రీయంగా వర్ణించాడు. 1926లో అమెరికన్ డగ్లస్ బర్డెన్ కొమోడోకు యాత్ర జరిపి, కొన్ని డ్రాగన్లను న్యూయార్క్‌కు చేర్చాడు. ఈ దశలో పట్టుకోవడం, కొలవడం, భద్రపరచడమే ప్రధానమైన పనులు. జంతువు తన పరిసరాలలో ఎలా బతుకుతుందన్న విషయంపై దీర్ఘకాలిక పరిశీలన జరగలేదు.

క్షేత్ర పరిశీలన దశ

1969లో వాల్టర్ ఆఫెన్‌బర్గ్ కుటుంబంతో సహా కొమోడో వెళ్లి, దాదాపు ఏడాది అక్కడే నివసించాడు. డ్రాగన్లను పట్టి, గుర్తులు వేసి, వదిలి, వాటి కదలికలను గమనించాడు. మలంలో మిగిలిన వెంట్రుకలు, ఎముకల ఆధారంగా ఆహారాన్ని గుర్తించాడు. వయసుతోపాటు ఆహారం మారుతుందని ఇటువంటి పరిశీలనల వల్ల స్పష్టమైంది. పిల్లలు చెట్లపై ఉంటూ పురుగులను, చిన్న బల్లులను తింటాయి. ఎదిగేకొద్దీ ఎలుకలు, పక్షులు తోడవుతాయి. పెద్దవి దారి పక్కన మాటువేసి జింకలను, అడవి పందులను, దున్నలను వేటాడతాయి, కళేబరాలనూ తింటాయి. పెద్ద డ్రాగన్లు తమ జాతి పిల్లలను కూడా తింటాయి కనుక పిల్లలకు చెట్టే రక్షణ.

బాక్టీరియా వాదం

కరిచిన దున్నలు కొన్ని తప్పించుకుని, గాయం చీముపట్టి తరువాత చనిపోవడం గమనించిన ఆఫెన్‌బర్గ్, డ్రాగన్ నోటిలోని బాక్టీరియాయే అందుకు కారణం కావచ్చని 1981లో ప్రచురించిన గ్రంథంలో సూచించాడు. 2002లో అడవి డ్రాగన్ల లాలాజలంలో 50కి పైగా బాక్టీరియా రకాలు కనిపించడంతో ఈ వాదం మరింత బలపడింది. ఊహగా మొదలైనది పాఠ్యపుస్తకాలలోకి వాస్తవంగా చేరింది. నేను కూడా తరగతి గదిలో ఎన్నో ఏళ్లు దీన్ని సందేహించకుండా బోధించాను.

పునఃపరిశీలన

2009లో బ్రయాన్ ఫ్రై బృందం డ్రాగన్ కింది దవడలో విషగ్రంథులు ఉన్నాయని చూపింది. ఆ విషం రక్తం గడ్డకట్టకుండా చేస్తుందని, రక్తపోటును తగ్గిస్తుందని వివరించింది. 2013లో జంతు ప్రదర్శనశాలల డ్రాగన్లపై జరిగిన అధ్యయనంలో వాటి నోటి బాక్టీరియా ఇతర మాంసాహారుల బాక్టీరియా వంటిదేనని తేలింది. వేటలో విషం పాత్ర ఎంత, రంపపు పళ్లు చేసే లోతైన గాయం పాత్ర ఎంత అన్న చర్చ ఇంకా ఉంది.

మరి దున్నల గాయాలు ఎందుకు చీముపట్టాయి? దున్నలు ఆ దీవులకు మనుషులు తెచ్చిన జంతువులు. గాయపడిన దున్న అలవాటు ప్రకారం నీటి మడుగులోకి దిగుతుంది. పేడతో నిండిన ఆ నీరే గాయాన్ని చెడగొడుతుందని ఫ్రై వంటివారి వివరణ. శిలాజాల ప్రకారం ఫ్లోరెస్‌లో డ్రాగన్లు సుమారు తొమ్మిది లక్షల ఏళ్లుగా ఉన్నాయి, దున్నలు వచ్చింది చాలా ఆలస్యంగా. కాబట్టి ఈ కొత్త ఎరకు జరిగినదాన్ని బట్టి డ్రాగన్ అసలు వేట పద్ధతిని నిర్ణయించలేం.

ముగింపు

ఆఫెన్‌బర్గ్ కళ్లతో చూసినది నిజమే. గాయాలు చీముపట్టాయి, దున్నలు చనిపోయాయి. ఆయన ఊహించిన కారణాన్ని తరువాతివారు పరీక్షించకుండా అంగీకరించడం వల్ల పొరపాటు దశాబ్దాలు నిలిచింది. మీరు ఏ శాస్త్ర చరిత్ర చదివినా పరిశీలన ఏది, వ్యాఖ్యానం ఏది అని విడదీసి చూడండి. ఈ పాఠాన్ని కూడా అలాగే చదవండి.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. వయసుతోపాటు కొమోడో డ్రాగన్ ఆహారం ఎలా మారుతుంది?
2. బాక్టీరియా వాదంలో పరిశీలనను, వ్యాఖ్యానాన్ని వేరుచేసి రాయండి.