ఆసనమును వీడని యాచార్యుడు

వినయమును గొనియాడని మతము లోకమున లేదు. అందును క్రైస్తవమతమున దాని కగ్రస్థానము గలదు. గురువే నడుమునకు తువాలు గట్టుకొని శిష్యుల పాదములు గడిగెనని సువార్త చెప్పుచుండగా, ఆ గురువు పేర బోధించువారు గర్వింపరాదని వేరుగ జెప్పనేల? అయినను ఈ గుణమును బోధించుట యొకటి. అక్కఱ గలిగిన క్షణమున దానిని జూపుట వేఱొకటి. బోధకుని గర్వము బోధకెంత చెఱుపు చేయునో తెలుపు వృత్తాంత మొకటి యింగ్లాండు చరిత్రారంభమున గలదు. దానిని జదువరుల ముందుంచుచున్నాము.

క్రీ. శ. 590 మొదలు 604 వఱకు రోమునగరమున పోపుగా నుండిన మొదటి గ్రెగొరీ తన్ను దేవుని సేవకులకు సేవకునిగా జెప్పుకొనుచుండెను. కాన్‌స్టాంటినోపిలు ధర్మాధ్యక్షుడు సర్వలోకాధ్యక్షుడను అర్థము వచ్చు బిరుదమును ధరింపగా, అది గర్వసూచకమని యాయన తీవ్రముగా ఖండించెను. ఈ గ్రెగొరీయే 596లో అగస్టీను అను సన్యాసిని సహచరులతోగూడ ఇంగ్లాండునకు బంపెను. ఇతడు 430లో గతించిన హిప్పో నగరవాసియగు సుప్రసిద్ధ గ్రంథకర్త గాడు. ఆ పేరు గల మఱియొకడు. 597లో వీరు కెంటు రాజ్యమున దిగిరి. అచ్చటి రాణి బెర్తా యదివఱకే క్రైస్తవురాలు. రాజగు ఈతెల్బర్టు కొలదికాలములోనే బాప్తిస్మము పొందెను. ప్రజలును వేలకొలదిగా నాతని ననుసరించిరి.

అగస్టీను చేతిమీదుగా అద్భుతకార్యములు జరుగుచున్నవని రోమునకు వార్త పోయెను. అంతట గ్రెగొరీ 601లో ఆతనికి లేఖ వ్రాసెను. ఈ కార్యములవలన ఆంగ్లేయులు సత్యమునకు ఆకర్షింపబడుచున్నందుకు సంతోషింపుమనియు, ఆ సంతోషపు చాటుననే గర్వము చొరకుండ భయముతో నుండుమనియు, ఇట్టి శక్తి తనకొఱకుగాక యితరుల మేలుకొఱకే యీయబడినదని మఱవకుమనియు అందలి హితవు. ఈ యుపదేశ మందిన రెండేండ్లకో మూడేండ్లకో అగస్టీనునకు పరీక్ష వచ్చెను.

ఆంగ్లజాతులు రాకముందే ఆ ద్వీపమున బ్రిటనులను పూర్వనివాసులు క్రైస్తవులై యుండిరి. ఆంగ్లజాతులచే దఱుమబడి వారు పడమటి కొండలను జేరిరి. తమ నేల నాక్రమించిన శత్రువులకు వారు సువార్త చెప్పరైరి. పునరుత్థాన పండుగదినమును గణించుటలోను, బాప్తిస్మ విధానములోను వారికిని రోముసంఘమునకును భేద ముండెను. బ్రిటను బిషప్పులపై నధికారమును గ్రెగొరీ యగస్టీనునకే యొసగియుండెను. ఆతడు వారిని 603 ప్రాంతమున ఒక వృక్షముచెంత సమావేశపఱచెను. తరువాత ఆ చోటునకు అగస్టీను సింధూరవృక్షమని పేరు వచ్చెను. మొదటి సభలో వాదము తెగలేదు. మఱికొందఱితో వత్తుమని బ్రిటనులు గడువు గోరిరి.

రెండవ సభకు బ్రిటను బిషప్పు లేడుగురును, బాంగోరు మఠమునుండి పండితులు పెక్కుమందియు బయలుదేఱిరి. దారిలో నొక వృద్ధ తపస్విని సలహా యడిగిరి. ఆతడు దైవజనుడైనచో వెంబడింపుడని తపస్వి చెప్పెను. అది తెలియుట యెట్లని వారడిగిరి. సాధుత్వము, దీనమనస్సు గలవాడే క్రీస్తు కాడిని మోయువాడని యాతని యుత్తరము. అగస్టీనును ముందుగా సభాస్థలము చేరనిండు. మీరు సమీపించునప్పుడు లేచి నిలిచెనా, ఆతని మాట వినుడు. మీరు పెక్కుండ్రై యుండియు లేవకుండెనా, మీరును ఆతనిని లెక్కచేయకుడు అని యాతడుపదేశించెను.

వారు పోవునప్పటికి అగస్టీను పీఠముపై గూర్చుండి యుండెను, లేవలేదు. అంతటితో సభ ముగిసినట్లే. ఇప్పుడే మనకు లేవనివాడు, లోబడిన పిమ్మట మనలను గడ్డిపోచగా జూడడా యని వారిలో వారనుకొని యాతని కోరికల నన్నిటిని త్రోసివేసిరి. సోదరులతో సంధి యొల్లనివారికి శత్రువులతో యుద్ధము తప్పదని యగస్టీను బెదిరించెను. ఆతడు గతించిన పిమ్మట, 616 ప్రాంతమున చెస్టరుయొద్ద జరిగిన యుద్ధమున, ప్రార్థనకై వచ్చిన బాంగోరు సన్యాసులు సుమారు 1200 మంది హతులైరని చెప్పుదురు. వేల్సు సంఘము రోము పండుగదినమును 768లో గాని యంగీకరింపలేదు.

ఈ కథను మనకు దెలిపినవాడు 731లో ఆంగ్లసంఘ చరిత్రను ముగించిన బీడు అను సన్యాసి. ఆతడు ఆంగ్లేయుడు, పండుగ విషయమున రోము పక్షమువాడు. అయినను తన పక్షపు ఆచార్యుడు లేవలేదన్న మాటను దాచలేదు. అగస్టీను అధికారగౌరవమును గాపాడుకొనుటకే కూర్చుండెనేమో. మనస్సులోని మాట నెవరెఱుగుదురు? కాని యెదుటివారికి గనబడునది మనస్సు గాదు, ఆసనము. ఇంకొక మాటయు జెప్పవలెను. ఒరుల వినయమును గొలువ వచ్చిన బ్రిటనులకు తమ కొలత జ్ఞప్తికి రాలేదు. లేవనివానిని క్షమించుటయు వినయమే కదా! గర్వము పీఠముపై నున్నవానియందే కాక, పీఠమును గనిపెట్టి చూచువాని కంటిలోను నివసించును.

బీడే వ్రాసిన మఱియొక చరిత్రను దీని ప్రక్కన నుంచి చూడుడు. ఉత్తరదేశమగు నార్తంబ్రియాకు అయోనా మఠమునుండి మొదట వచ్చిన బోధకుడు కఠినుడు. జనులు మొఱకులని నిందించి తిరిగిపోయెను. పసివారికి ముందు పాలు పట్టవలదా యని యాతనిని మృదువుగా మందలించిన ఎయిడాను 635లో ఆ పనికి బంపబడెను. ఆతడు ధనికుని, దరిద్రుని భేదము లేక పలుకరించుచు కాలినడకనే తిరిగెడివాడు. ఓస్వినను రాజు ఆతనికి మేలైన గుఱ్ఱము నీయగా, దారిలో యాచించిన బీదవానికి దానిని జీనుతోగూడ నిచ్చివేసెను. రాజు నొచ్చుకొని, అంతకంటె దక్కువ గుఱ్ఱములు లేవా యనెను. గుఱ్ఱపుపిల్ల దేవుని బిడ్డకంటె బ్రియమైనదా యని ఎయిడాను ప్రశ్నించెను. రాజు నిప్పుసెగయొద్ద నిలిచి కొంతసేపాలోచించి, ఖడ్గమును విప్పి యిచ్చి, ఆయన పాదములపై బడి క్షమింపుమనెను. ఎయిడాను కలవరపడి తత్‌క్షణమే లేచి రాజును లేవనెత్తెను. ఇంత వినయము గల రాజు నీ జాతి నిలుపుకొనజాలదని కన్నీరు పెట్టెను. ఆ రాజు 651 ఆగస్టులో హతుడయ్యెను. పండ్రెండవనాడు ఎయిడానును గతించెను. పండుగ లెక్కలో ఎయిడాను తప్పినవాడని బీడు మతము. అయినను ఆయన శీలమును నోరార గొనియాడెను.

పెద్దలు వాకిట గనబడగానే లేచి నిలుచుట మన యిండ్లలో బిడ్డలకు మొదట నేర్పు మర్యాద. శాస్త్రము దీనిని ప్రత్యుత్థాన మనును. చిన్నవారు పెద్దలకు లేచుట సులభమే. పెద్దయని పేరొందినవాడు చిన్నవానికి లేచుటయే కష్టము. స్త్రీవిద్యకును, అంటరానితన నిర్మూలనమునకును బాటుపడువారు కొందఱు, తాము ఉద్ధరింప బోయినవారి యెదుట గుర్చీ దిగక మాటలాడుదురు. మాట సత్యమే కావచ్చును; పండుగ విషయమున అగస్టీను మాటయు సత్యమేయని బీడు నమ్మెను. ఆ సత్యమును వినుటకు వచ్చిన యేడుగురు బిషప్పులు వినకయే మరలిపోయిరి. కావున సత్యము చేతనున్నదని నమ్మినవాడే వాకిట నడుగుల చప్పుడు వినగానే ముందుగా లేవవలసినవాడు.