గస్తీ నిషాన్ 53: హైదరాబాదు రాజ్యమున అనుమతిపాలనము

హైదరాబాదు నగరమునకు తూర్పుదిశను మలకుపేట దాటి విజయవాడకుఁ బోవు మార్గమున దిల్‌సుఖ్‌నగరము, దాని కావల లాల్ బహదూర్ నగరము నున్నవి. నేఁడీ ప్రాంతమున వీథివీథికిని శిక్షణాలయములు గలవు. సర్కారుకొలువులను గోరి వచ్చిన యువకులు తెలంగాణచరిత్రమును అచ్చట ప్రశ్నోత్తరరూపమునఁ జదువుకొనుచున్నారు. వారు కంఠస్థము చేయు నంశములలో ‘గస్తీ నిషాన్ 53’ యనునది యొకటి. పరీక్షకు దాని విలువ యొక్క మార్కు. కాని యా మూఁడు మాటల వెనుక నొక జాతి యేండ్ల తరబడి వహించిన మౌనము గలదు. ఆ మౌనస్వరూపమును విచారించుట సాహిత్యచరిత్రకారునకును విధియే యగును.

నిజాము పాలనలో నీ సీమ నగరములోనిది కాదు. నగరమును జుట్టియున్న గ్రామము లత్రాఫ్ బల్దా యను పేర నొక జిల్లాగా నుండెను. అది ప్రభువు సొంతవ్యయమునకుఁ బ్రత్యేకింపఁబడిన సర్ఫెఖాసులోనిది. లాల్ బహదూర్ నగరమను పేరు 1966లో దివంగతుఁడైన భారత ప్రధానమంత్రి పేరిట వచ్చినది. సరూరునగరము దానికంటెఁ బ్రాచీనము.

గస్తీ యనఁగా అధికారులకుఁ ద్రిప్పి పంపఁబడు ఆజ్ఞాపత్రము. నిషాన్ యనఁగా సంఖ్య. 1920 తరువాతి దశాబ్దమున నమలులోనున్న యీ 53వ యాజ్ఞ ప్రకారము ప్రభుత్వానుమతి లేక బహిరంగసభ జరుపరాదు. రాజకీయప్రసంగము లేదని హామీ యీయవలెను. ఫలితముగా గ్రంథాలయసభలును, సంఘసంస్కారసభలును సయితము అధికారుల యనుగ్రహముపై నాధారపడవలసివచ్చెను.

ఇచ్చట నొక భేదమును గుర్తింపవలసియున్నది. అదే కాలమున మద్రాసు రాజధానిలోను నిషేధములు గలవు. ముద్దుపళని రచించిన రాధికాసాంత్వనమును బెంగుళూరు నాగరత్నమ్మ పరిష్కరించి 1910లో ప్రకటింపఁగా, అశ్లీలమను నెపమునఁ బ్రభుత్వము దానిని నిషేధించెను. టంగుటూరి ప్రకాశము పంతులు 1946-47లో మద్రాసు ప్రధానిగా నున్నపుడు గాని యా నిషేధము తొలఁగలేదు. ఉన్నవ లక్ష్మీనారాయణగారి మాలపల్లి యును నిషేధమునకు గురియై 1937లోఁ గాంగ్రెసు మంత్రివర్గము వచ్చిన పిదప విముక్తి పొందెను. ఈ రెండింటను నిషేధింపఁబడినది పుట్టిన గ్రంథము. గ్రంథ మున్నది, ఉత్తరువున్నది, వాదించిన పండితులున్నారు. తప్పు ప్రభుత్వముదా కవిదా యని భావికాలము తీర్పు చెప్పుటకు సాధనము మిగిలినది.

అనుమతిపాలనమట్టిది గాదు. అది పుట్టిన మాటను శిక్షింపదు, మాటను బుట్టనీయదు. అనుమతి దొరకదని తలఁచి యడుగనివాని పేరు ఏ దస్త్రములోను నుండదు. జరుగని సభకుఁ దీర్మానములు లేవు. వ్రాయని వ్యాసమునకు ప్రతి లేదు. నిషేధింపఁబడిన గ్రంథము చరిత్రకు సాక్ష్యమిచ్చును. అనుమతిపాలనము సాక్ష్యమునే తుడిచివేయును. కావున రెండవది మొదటిదానికంటె మృదువుగాఁ గనఁబడినను హానిలో దాని నతిక్రమించినది.

ఇట్టి మౌనమును శూన్యమని భ్రమించుట సులభము. తెలంగాణమునఁ దెలుఁగు కవులు పూజ్యమని యొక పండితుఁడు వ్రాయఁగా, సురవరము ప్రతాపరెడ్డిగారు వాదమునకు దిగక 354 మంది కవుల రచనలను గూర్చి 1934లో గోలకొండ కవుల సంచికను వెలువరించిరి. కవులు లేకపోలేదు. వారి మాట వెలికి వచ్చుటకు మార్గములే కొఱవడినవి. ఈ దోష మొక్క గస్తీదే యనుట సత్యము గాదు. రాజభాష ఉర్దువగుట, మాతృభాషలో నున్నతవిద్య లేకపోవుట, ముద్రణాలయములు విరళమగుట మున్నగునవి తోడుకారణములు. ప్రభుత్వమే గాక సమాజమును నోరు నొక్కఁగలదు. 1921 నవంబరులో వివేకవర్ధిని నాటకశాలయందు మహర్షి కర్వే యధ్యక్షతను జరిగిన సంస్కారసభలో ఆలంపల్లి వేంకటరామారావుగారు తెలుఁగునఁ బ్రసంగింప నారంభింపఁగా సభికులు గేలిచేసి యాపిరి. ఆ యవమానమునుండియే ఆంధ్రజనసంఘము పుట్టినది. అచ్చట నడ్డుపడినది గస్తీ గాదు, సాటిప్రజల తిరస్కారము.

ఇంత నిర్బంధములోను మాట యెట్లు బ్రతికినది? సాహిత్యమను నీడను బ్రతికినది. 1901లో నెలకొన్న శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషానిలయము మొదలుకొని గ్రంథాలయములు సభలు చేయలేని పనిని జేసినవి. 1922లో ఇనుగుర్తినుండి ఒద్దిరాజు సోదరులు తెలుఁగు పత్రికను, నల్లగొండనుండి షబ్నవీసు వేంకటరామనరసింహారావుగారు నీలగిరి పత్రికను నడపిరి. 1926 మే 10వ తేదీని గోలకొండ పత్రిక వెలువడెను. 1930లో జోగిపేటయందు ప్రథమాంధ్రమహాసభ సురవరమువారి యధ్యక్షతనే జరిగెను. 1938లో వట్టికోట ఆళ్వారుస్వామిగారు దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించి పుస్తకముల నింటింటికిఁ జేర్చిరి. విద్య, భాష, సంస్కారము అను పేళ్లతో జరిగిన యీ కృషి తుదకు రాజకీయచైతన్యమైనది. రాజకీయమును వెలివేయఁబోయిన యాజ్ఞ, భాషాసేవనే రాజకీయముగాఁ జేసినది.

1938వ సంవత్సరమున నీ ముసుఁగు తొలఁగెను. హైదరాబాదు స్టేట్ కాంగ్రెసు రూపొందకమునుపే నిషేధింపఁబడెను. ఉస్మానియా విశ్వవిద్యాలయ వసతిగృహములలో వందేమాతర గీతమును బాడినందులకు విద్యార్థులు బహిష్కృతులైరి. వారిలోఁ బలువురకు నాగపూరు విశ్వవిద్యాలయ మాశ్రయ మిచ్చెను. పాటకును అనుమతి కావలసివచ్చిన రాజ్యము తన బలమునకంటెఁ దన భయమునే ప్రకటించుకొన్నది.

అనుమతి యను నాయుధము మొక్కవోయిన పిమ్మట ఖడ్గము వచ్చెను. షోయబుల్లాఖాను 1920లో మానుకోట ప్రాంతమున జనించిన ఉర్దూ పత్రికారచయిత. ఆయన పనిచేసిన తాజ్ పత్రిక యాపివేయఁబడెను. పిదప మందుముల నరసింగరావుగారి రయ్యత్ పత్రికలోఁ జేరెను. అదియు నట్లే యైనది. అనంతర మిమ్రోజ్ పత్రికను దానే సంపాదకుఁడై నడపి, రాజ్యము భారతయూనియనులోఁ జేరుటయే ప్రజలకు క్షేమమని వ్రాసెను. ఇట్లు వ్రాయు చేతులకు హాని తప్పదని రజాకార్ల నాయకుఁడు కాసిం రజ్వీ సభలో హెచ్చరించెనని చెప్పుదురు. 1948 ఆగస్టు 21వ తేదీ రాత్రి కార్యాలయమునుండి కాచిగూడలోని యింటికిఁ బోవుచుండఁగా దుండగు లాయనను గాల్చి, చేయి నఱికిరి. తెల్లవాఱునప్పటికి ప్రాణములు విడిచెను. అప్పటికాయనకు నిరువదియెనిమిదేండ్లు నిండలేదు. ఆ స్థలము దిల్‌సుఖ్‌నగరమునకుఁ గొలఁది మైళ్ల దూరమున నున్నది. నెల తిరుగకమునుపే, సెప్టెంబరు 17న, నిజాము ప్రభుత్వము భారతసైన్యమునకు లొంగిపోయెను.

ఇచ్చట మఱవరాని దొకటి గలదు. చంపినవారును చనిపోయినవాఁడును నొకే మతమువారు, ఒకే భాషలో వ్రాయుచు మాటలాడువారు. కావున నీ సంగ్రామమును మతమునకును మతమునకును, తెలుఁగునకును ఉర్దూనకును నడుమ జరిగినదిగాఁ జిత్రించుట తప్పు. అది వ్రాయు చేతికిని, దాని నాపఁగోరు చేతికిని నడుమ జరిగినది.

రాజ్యము మాఱఁగనే సమస్య తీఱెనా? 1950 జనవరి 26న నమలులోనికి వచ్చిన రాజ్యాంగముయొక్క 19వ యధికరణము వాక్స్వాతంత్ర్యమును బ్రసాదించెను. ఆ మార్చిలోనే మద్రాసు ప్రభుత్వము, బొంబాయినుండి వెలువడు క్రాస్ రోడ్స్ వారపత్రిక తమ రాష్ట్రమునఁ బ్రవేశింపరాదని శాసించెను. సంపాదకుఁడు రొమేశ్ థాపరు వ్యాజ్యము వేయఁగా సుప్రీంకోర్టు మే 26న నా యుత్తరువును గొట్టివేసెను. అదే దినమున మఱియొక వ్యాజ్యములో, ప్రకటనకు ముందే వ్రాఁతలను బరీక్షించు పద్ధతియు రాజ్యాంగవిరుద్ధమని నిర్ణయించెను. మఱుసంవత్సరమే ప్రథమసవరణము ‘ప్రజాశాంతి’ మున్నగు కారణములఁ జేర్చి పరిమితుల నేర్పఱచినది. అయినను ఆ పరిమితులు సమంజసములుగా నుండవలెనని నియమించి, విచారించు నధికారమును న్యాయస్థానముల కుంచినది.

గస్తీకిని రాజ్యాంగమునకును గల యంతర మీ యొక్క మాటలోనే యున్నది. గస్తీపాలనలో మాటాడఁగోరువాఁడు తన మాట నిరపాయమని ముందుగా నిరూపింపవలెను. రాజ్యాంగపాలనలో మాట నాపఁగోరు ప్రభుత్వము తన కారణమును నిరూపింపవలెను. నిరూపణభార మెవరిపై నున్నదో దానినిబట్టియే ప్రజల స్వాతంత్ర్యమును గొలువవచ్చును. ఈ భారము కాలక్రమమున నెఱుఁగకుండఁ జేతులు మాఱుచుండును. దానిని గనిపెట్టుటకే చరిత్రాధ్యయనము. గస్తీ నిషాన్ 53ను ఒక్క మార్కునకై చదివిన విద్యార్థికి, ఆనాఁడు అనుమతి దొరకదని యడుగక యూరకున్న వేలమంది పేళ్లు ఏ గ్రంథమునను దొరకవని గురువు లొక్కమాటు చెప్పిన, ఆ పాఠము సార్థకమగును.