సభలయందలి పూర్వాపరక్రమము

ద్వంద్వసమాసమున నచ్చులు తక్కువగల పదము ముందుండవలయునని పాణిని విధించెను. కాత్యాయనుఁడు దానికి వార్తికములు చేర్చి, పూజ్యతరమైన దానికిని, అన్నదమ్ములలో జ్యేష్ఠుని పేరునకును పూర్వనిపాతము చెప్పెను. పదములకే యింత విచారము గలిగినచోఁ బురుషులకుఁ గలుగుట వింతగాదు. ధర్మరాజు రాజసూయమున నగ్రపూజ యెవ్వరికను తగవు శిశుపాలుని వధతోఁ గాని తీఱలేదు.

తెలుగుదేశమున నీవిషయమునఁ బరిశీలింపఁదగిన ఘట్టము 1869వ సంవత్సరమున హైదరాబాదునఁ గలిగినది. అంతవఱకు నైజాము దర్బారునకు వచ్చు ఇంగ్లీషు రెసిడెంటు పాదరక్షలు విడిచి, తివాచిపై నేలఁ గూర్చుండెడివాఁడు. ఇది దాస్యచిహ్నము గాదు. ప్రభువు సయితము మస్నదుపైఁ గూర్చుండువాఁడే గనుక, కుర్చీ వేసికొనిన యతిథి ప్రభువుకంటె నెత్తున నుండవలసివచ్చును. ఇంగ్లీషువాఁడు టోపీ తీసి జోళ్లతో నిలుచును. ఇచటివాఁడు జోళ్లు విడిచి దస్తారుతో నిలుచును. రెండు మర్యాదలును దమతమ తావుల యుక్తములే. ఎవరి మర్యాద నెవరి యింటఁ బాటింపవలయునన్నదే వివాదము.

ఆ యేఁటి ఫిబ్రవరిలో అఫ్జలుద్దౌలా మరణింపఁగా మహబూబు అలీ ఖానునకుఁ బట్టము గట్టిరి. అతఁడు 1866లో జన్మించినవాఁడు, మూఁడేండ్లయినను నిండలేదు. రాజ్యభారమును సాలారు జంగును, షంసుల్‌ఉమ్రాయును వహించిరి. ఈ సందర్భముననే రెసిడెంటు సాండర్సు జోళ్లతోఁ బ్రవేశించి కుర్చీపైఁ గూర్చుండు పద్ధతిని నెలకొల్పెను. తండ్రినాఁడు చెల్లని దానిని పసిబిడ్డ కొలువునఁ జెల్లించుకొనుట నేర్పనవచ్చునేగాని, మర్యాద యనుట కష్టము.

కొలువువారి తారతమ్యమును బిరుదాంతములే తెలుపుచుండెను. జంగుకంటె దౌలాయు, దానికంటె ముల్కును, ఆపై ఉమ్రాయు, జాహును నధికములు. సాలారు జంగునకు ముఖ్తారుల్‌ముల్కను పైబిరుదుండియు లోకము క్రిందిదానితోనే యాతని స్మరించుట విచిత్రము. నైజామునకు మాత్రము బ్రిటిషువారి లెక్కలో 21 ఫిరంగుల వందనముండెను.

స్వాతంత్ర్యానంతరము ఫిరంగుల లెక్క పోయి పదవుల పట్టిక వచ్చెను. 1979 జూలై 26వ తేదీని రాష్ట్రపతి కార్యాలయము ప్రకటించిన దానిలో రాష్ట్రపతి ప్రథముఁడు. తన రాష్ట్రమున గవర్నరు నాల్గవవాఁడు, ముఖ్యమంత్రి యేడవవాఁడు. ఎల్ల దాటినంతనే యిరువురును ఎనిమిదవ స్థానమున సమానులగుదురు.

వరంగల్లు సీమలోని స్టేషన్ ఘన్‌పూరునకు సంబంధించిన సూక్ష్మ మొకటి యిందుఁ గలదు. ఆ నియోజకవర్గపు శాసనసభ్యుఁడు రాజయ్య 2014లో తెలంగాణ ప్రథమ ప్రభుత్వమున నుపముఖ్యమంత్రి యయ్యెను. రాజ్యాంగ మా పదవిని బేర్కొనదు. దాని దృష్టిలో నుపముఖ్యమంత్రియు మంత్రులలో నొకఁడే. పట్టిక మాత్ర మాతనికిఁ బదవ స్థానమిచ్చి, తోడి మంత్రులను బదునైదవ స్థానమున నుంచినది. ఉపశబ్దమునకు హీనార్థమును, అధికార్థమును గూడఁ బాణిని చెప్పియున్నాఁడు. ముఖ్యమంత్రిని బట్టి మొదటిదియు, తోడి మంత్రులను బట్టి రెండవదియు నన్వయించును. అయినను నీక్రమము రాజ్యోత్సవములకే గాని దినదిన ప్రభుత్వవ్యవహారమునకు వర్తింపదని పట్టికయే తెలుపుచున్నది.